గాలిలో రిలే, నేల మీద లెక్క: గోదావరి డెల్టాకు ఎలాంటి నావిగేషన్ కావాలి?

గోదావరి సముద్రంలో కలిసే చోట, వరద వెళ్లిన ప్రతిసారీ ఇసుక మేటలు చోటు మారతాయి. అంతర్వేది అయినా, భైరవపాలెం అయినా వేట నుంచి తిరిగొచ్చే బోటుకు నడిసముద్రంలో దారి కష్టం కాదు, మొగ దగ్గరే కష్టం. లోతున్న పాయను పది మీటర్లు తప్పితే చాలు, బోటు మేటెక్కి కూర్చుంటుంది. పగలైతే నీటి రంగు, అల విరిగే తీరు చూసి సరంగు లోపలికి తెస్తాడు. రాత్రిపూట వానలో ఆ రెండూ కనపడవు. చేతిలో ఉన్న ఫోన్ చూద్దామంటే, ఆకాశం బాగా తెరిపిగా ఉన్న చోట కూడా మామూలు ఫోన్ చూపే స్థానంలో ఐదు మీటర్ల తేడా ఉండటం సహజం.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువు గట్ల హద్దు తేల్చాలంటే ఐదు మీటర్లు కాదు, ఐదు సెంటీమీటర్ల లోపు కావాలి. వరదలో లంక గ్రామంలో చిక్కుకున్న కుటుంబం దగ్గరికి పడవ పంపడానికి ఇరవై మీటర్ల తేడా ఉన్నా నష్టం లేదు, కానీ సిగ్నల్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఒకే డెల్టాలో ఉన్న ఈ మూడు అవసరాలకు మూడు రకాల కచ్చితత్వం కావాలి. ఈ తేడా ముందే గుర్తు పెట్టుకోకపోతే, తర్వాత కొనే యంత్రాలన్నీ ఎవరికీ సరిగా పనికిరాకుండా పోతాయి.

వీటన్నిటికీ ఒకే మందుగా ఇప్పుడు గాలిలో రిలే పెట్టాలనే ఆలోచన వినపడుతోంది. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి, వాటి సిగ్నల్ మనదాకా వచ్చేసరికి బాగా సన్నగిల్లుతుంది. అలాంటి ట్రాన్స్‌మిటర్‌నే తాడుకు కట్టిన బెలూన్‌లోనో, డ్రోన్‌లోనో, 20 కిలోమీటర్ల ఎత్తున నిలిచే ఎయిర్‌షిప్‌లోనో పెడితే సిగ్నల్ బలంగా వస్తుంది, కావలసిన చోటికి తరలించుకోవచ్చు. ఈ వాహనాలు మనకు మరీ కొత్తవేమీ కావు. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధనా సంస్థ) బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా పరిశోధన పరికరాలను స్ట్రాటోస్ఫియర్‌కు పంపుతోంది. డీఆర్‌డీవో 2025 మే 3న మధ్యప్రదేశ్‌లోని శ్యోపూర్ నుంచి ఒక ఎయిర్‌షిప్‌ను దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. అది 62 నిమిషాలు ఎగిరింది.

ఎగరేయడం వరకూ చేయగలం. కచ్చితత్వం మాత్రం ఎత్తుతో పాటు దానంతట అది రాదు. రిలే ఆ క్షణాన సరిగ్గా ఎక్కడుందో తెలిసినంత మేరకే అది కిందవాళ్లకు దారి చెప్పగలదు. ఆ సంగతి రిలేకు చెప్పాల్సినవి నేల మీద ఉన్న స్థిర బిందువులు. డెల్టాలో ఆ నేలే మెత్తన. కాబట్టి ఇక్కడ ఖర్చు, శ్రద్ధ ముందుగా పెట్టాల్సింది నేల మీద.

కబురు మోసే రిలే, కొలత ఇచ్చే రిలే

రిలే అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. మొదటిది కబురు మోయడం. నేల మీద స్థానం తెలిసిన స్టేషన్ ఒకటి ఉపగ్రహాల సిగ్నల్‌లో ఎంత తప్పు వస్తోందో లెక్క కడుతుంది, ఆ సవరణలను రిలే చుట్టుపక్కల వాళ్లకు చేరవేస్తుంది. ఈ పనిలో రిలే ఎక్కడున్నా, గాలికి ఎటు ఊగినా ఫర్వాలేదు. అది మోసేది మాటనే, దూరాన్ని కాదు.

జీపీఎస్ సవరణల కోసం మన దేశం నడిపే గగన్ వ్యవస్థ ప్రధానంగా చేసేది ఇదే, కాకపోతే అంతరిక్షం నుంచి. దేశంలో 15 చోట్ల ఉన్న రిఫరెన్స్ స్టేషన్లు ఉపగ్రహాలను గమనిస్తాయి, బెంగళూరులో సవరణలు తయారవుతాయి, భూస్థిర కక్ష్యలోని జీశాట్ ఉపగ్రహాలు వాటిని అందుకుని తిరిగి కిందికి పంపుతాయి. విమానాల కోసం 2013 డిసెంబరులో మొదటి ధ్రువీకరణ, 2015 ఏప్రిల్‌లో నిలువు మార్గదర్శనానికి రెండోది వచ్చాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన జెమిని పరికరం కూడా గగన్ సిగ్నల్ మీదే వాతావరణ హెచ్చరికలను, చేపలు దొరికే చోట్లను నడిసముద్రంలోని బోట్లకు చేరవేస్తుంది. అయితే అది ఒకవైపు మాటే, బోటు నుంచి జవాబు పంపే వీలు లేదు. ఆ లోటు తీర్చడానికి రెండువైపులా కబురు నడిచే ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు అమర్చే పథకం 2024లో మొదలైంది.

గగన్ స్టేషన్ ఒక్కటి కూడా డెల్టాలో లేదు. దగ్గరివంటే భువనేశ్వర్, నాగపూర్, బెంగళూరు. మధ్యలో వందల కిలోమీటర్ల ఖాళీ. విమానానికి ఇది చాలు, చెరువు గట్టుకు చాలదు. అందుకే సర్వేయర్లు ఆర్‌టీకే పద్ధతి వాడతారు. దగ్గర్లో ఉన్న బేస్ స్టేషన్ సవరణలు మొబైల్ ఇంటర్నెట్ మీద రోవర్‌కు, అంటే సర్వేయర్ వెంట తిప్పే రిసీవర్‌కు, వస్తాయి, రోవర్ సెంటీమీటర్లలో స్థానం చెబుతుంది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో రోవర్ అనే మాట పల్లెల్లో కూడా అలవాటైంది.

రోవర్‌తో పని చేసేవాళ్లను అడిగితే మొదట చెప్పే మాట "ఫిక్స్ రావట్లేదు" అని. స్క్రీన్ మీద ఫిక్స్ అని పడితే కొలత సెంటీమీటర్లలో ఉన్నట్టు. ఫ్లోట్ అని పడితే లెక్క ఇంకా తేలలేదని, తేడా అడుగు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉండొచ్చని అర్థం. ఫ్లోట్‌కు కారణాల్లో సగం ఆకాశంలో ఉంటే, సగం ఫోన్ నెట్‌వర్క్‌లో ఉంటాయి. లంకల్లో, మడ అడవుల అంచుల్లో టవర్ సిగ్నల్ వచ్చిపోతుంటుంది. తుపాను వస్తే కరెంటు పోయి టవర్లే ఆగిపోతాయి. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమకు చేసిన నష్టం ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది.

ఇలాంటి చోట కబురు మోసే రిలే నిజంగా అక్కరకొస్తుంది. 300 మీటర్ల ఎత్తున నిలిపిన డ్రోన్‌కు దాదాపు 60 కిలోమీటర్ల దాకా క్షితిజం కనపడుతుంది. అమలాపురం మీద ఒక్కటి నిలిపితే కోనసీమ అంతా దాని చూపులోకి వస్తుంది. సవరణల డేటా కూడా ఎంతో కాదు, సెకనుకు కొన్ని వందల బైట్లు. చిన్న రేడియో, మంచి బ్యాటరీ చాలు. తాడుతో కరెంటు అందించే డ్రోన్ అయితే గంటల తరబడి నిలుస్తుంది. ముందుగా చేయాల్సింది ఇదే, చవకలో అయ్యేదీ ఇదే. పెద్ద ఎయిర్‌షిప్ మాటల హడావిడిలో ఈ చిన్న పని పక్కకు పోకూడదు.

దగ్గరగా ఉండటమే అసలు చిక్కు

రెండో పని కొలత ఇవ్వడం. ఇక్కడ రిలే తానే ఒక చిన్న ఉపగ్రహంలా సిగ్నల్ వదులుతుంది. సిగ్నల్ ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది అన్న తేడాను బట్టి రిసీవర్ దూరం కట్టుకుంటుంది. రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. గడియారంలో పది నానోసెకన్ల తప్పుంటే దూరంలో మూడు మీటర్ల తప్పు వచ్చేసినట్టే. అణు గడియారాన్ని బెలూన్‌లో మోయడం ఖరీదైన పని కనుక, గడియారాన్ని నేల మీదే ఉంచి రిలేను అద్దంలా వాడే మార్గం ఒకటుంది. నేల నుంచి వెళ్లిన సిగ్నల్‌ను రిలే తిరిగి కిందికి పంపుతుంది, పైకి వెళ్లడానికి పట్టిన సమయాన్ని నేల స్టేషన్ ముందే సర్దుతుంది. చైనా 2000వ దశకంలో మామూలు సమాచార ఉపగ్రహాలను అద్దెకు తీసుకుని ఇదే పద్ధతిలో ఒక నావిగేషన్ వ్యవస్థను నడిపి చూసింది.

గడియారం సంగతి అలా తేలినా, స్థానం సంగతి తేలదు. ఉపగ్రహం ఎక్కడుందన్న లెక్కలో ఒక మీటరు తప్పు ఉందనుకుందాం. అమలాపురంలో బేస్, రాజోలులో రోవర్, మధ్య దూరం సుమారు 20 కిలోమీటర్లు. ఉపగ్రహం 20 వేల కిలోమీటర్ల పైన ఉంది కాబట్టి రెండుచోట్ల నుంచీ అది దాదాపు ఒకే దిక్కున కనపడుతుంది. బేస్‌కు వచ్చిన తప్పే రోవర్‌కూ వస్తుంది, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఒక మిల్లీమీటరు. ఇప్పుడు ఉపగ్రహం బదులు 20 కిలోమీటర్ల ఎత్తున ఎయిర్‌షిప్ పెట్టండి. అమలాపురానికి అది నడినెత్తిన ఉంటే, రాజోలుకు ఏటవాలుగా 45 డిగ్రీల కోణంలో ఉంటుంది. ఒకే తప్పు రెండుచోట్లా రెండు రకాలుగా పడుతుంది. తీసివేతలో అది పోదు, అందులో చాలా భాగం అలాగే మిగలొచ్చు. ఉపగ్రహాలకు దూరమే ఒక వరం. గాలిలో రిలేకు ఆ వరం లేదు, అందుకే ఉపగ్రహాలకు సరిపోయిన సవరణ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి పెడితే ఫలితం రాదు.

మరి రిలే స్థానం ఎలా తెలుసుకోవాలి? అందరికీ తోచే మార్గం దాని మీదే ఒక జీపీఎస్ రిసీవర్ పెట్టడం. అప్పుడు ఆ రిసీవర్ చేసే తప్పు కింద ఉన్న వాళ్లందరికీ ఒకేసారి అంటుకుంటుంది. ఒక్క ఫోన్ తప్పు చూపితే ఒక్కడే దారి తప్పుతాడు, రిలే తప్పు చూపితే మొగ దగ్గరున్న బోట్లన్నీ తప్పుతాయి. దీనికంటే మేలైనది తిరగేసిన లెక్క. రిలే వదిలిన సిగ్నల్‌ను నేల మీద స్థానం తెలిసిన నాలుగైదు స్టేషన్లు అందుకుంటాయి, వాటి కొలతలను కలిపి రిలే ఎక్కడుందో కింది నుంచే తేలుస్తారు. మూడు నిరూపకాలు, గడియారం తేడా ఒకటి, మొత్తం నాలుగు తెలియనివి కనుక నాలుగు స్టేషన్లు తప్పనిసరి. ఐదో స్టేషన్ ఉంటే వాటిలో ఏదో ఒకటి తప్పు చెబుతోందని పట్టుకునే వీలొస్తుంది. ఆరోది ఉంటే తప్పు చెప్పేది ఏదో గుర్తించి, దాన్ని పక్కన పెట్టి పని కొనసాగించవచ్చు.

ఈ లెక్కలో చిన్నగా కనిపించే విషయాలే ఎక్కువ దెబ్బ తీస్తాయి. డ్రోన్ మీద జీపీఎస్ యాంటెన్నా పైన, సిగ్నల్ వదిలే యాంటెన్నా కింద ఉంటాయి. రెంటి మధ్య ఒక మీటరు దూరం ఉండి, గాలికి డ్రోన్ 10 డిగ్రీలు వాలితే కింది యాంటెన్నా 17 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. వాలు ఎంతో ప్రతి క్షణం కొలిచి సర్దకపోతే ఆ 17 సెంటీమీటర్లూ నేరుగా కొలతలోకి వస్తాయి. వేగం ఇంకో చిక్కు. సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే రిలే తన స్థానాన్ని పదో వంతు సెకను ఆలస్యంగా చెప్పినా రెండు మీటర్ల తప్పు. కాబట్టి స్థానంతో పాటు వేగాన్నీ, ఆ కొలత ఏ క్షణానిదో ఆ ముద్రనూ కలిపి పంపాలి, రిసీవర్ ఆ మధ్య కాలాన్ని తానే లెక్క కట్టుకోవాలి. ఇక ఎండకు ట్రాన్స్‌మిటర్ వేడెక్కితే దాని లోపలి ఆలస్యం మారిపోతుంది. నేల స్టేషన్లు నిత్యం వింటుంటే ఈ మార్పు కూడా లెక్కలో దొరికిపోతుంది. అది తిరగేసిన పద్ధతి వల్ల కలిగే ఇంకో లాభం.

నేలే కదిలితే

నాలుగైదు స్టేషన్లు పెట్టడానికి డెల్టాలో చోటు దొరక్కపోదు. ఆ చోటు రేపు కూడా అక్కడే ఉంటుందా అన్నదే ప్రశ్న. ధవళేశ్వరం దిగువన ఉన్నదంతా నది తెచ్చిపోసిన ఒండ్రు. అది తన బరువుకు తానే కుంగుతుంది, కింది నుంచి నీరు తోడితే మరికాస్త కుంగుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల్లో నేల కుంగడాన్ని శాస్త్రవేత్తలు చాలాకాలంగా గమనిస్తున్నారు. ఏడాదికి మిల్లీమీటర్లలో ఉన్నా పదేళ్లలో అది సెంటీమీటర్లవుతుంది. మేడ మీద బిగించిన యాంటెన్నా అయితే భవనంతో పాటు దిగుతుంది, ఎండకు గోడ వ్యాకోచిస్తే కాస్త వాలుతుంది కూడా.

దీనికి మందు దగ్గరలోనే ఉంది. డెల్టా తలమీద, రాజమహేంద్రవరం చుట్టూ గట్టి రాయి ఉంది. కాతేరు, పంగిడి దగ్గర బయటపడే బసాల్ట్‌ను భూగర్భ శాస్త్రవేత్తలు రాజమండ్రి ట్రాప్స్ అంటారు. మూల బిందువును ఆ రాతిలో పాతాలి. డెల్టాలోని మిగతా స్టేషన్లు రోజూ దానితో తమ దూరాన్ని, ఎత్తును సరిచూసుకోవాలి. ఏది కుంగినా నెలల్లోనే తెలిసిపోతుంది. కాలువలు తవ్వినప్పుడు కాటన్ ఇంజనీర్లు కూడా ఆనకట్ట నుంచి మట్టాలు పట్టుకుంటూ సముద్రం దాకా దిగారు. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట పని అంతా మట్టం లెక్క మీదే నిలిచింది.

మట్టం మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. జీపీఎస్ ఇచ్చే పచ్చి ఎత్తు సముద్రమట్టం నుంచి కొలిచింది కాదు, భూమికి గణితం వేసిన నున్నటి ఆకారం నుంచి కొలిచింది. ఈ తీరంలో ఆ రెంటి తేడా పదుల మీటర్లు. కాకినాడ బీచ్‌లో నిలబడి పచ్చి ఎత్తు చూస్తే మైనస్‌లో కనపడుతుంది. కనుక స్థానిక జియాయిడ్ లెక్క, అంటే ఆ నున్నటి ఆకారానికీ సముద్రమట్టానికీ ఇక్కడున్న తేడా, తెలియకుండా రిలే ఎంత బాగా పనిచేసినా ఏటిగట్టు ఎత్తు, మురుగు కాలువ వాలు చెప్పలేం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నీరు దిగువన ఏ లంకలో ఏ ఇంటి గుమ్మం దాకా వస్తుందో చెప్పాలంటే అంగుళాల్లో మట్టం తెలియాలి. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్లు ఎక్కడెక్కడ తెగాయో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తు.

స్టేషన్ల అమరిక కూడా ఒక సమస్యే. రిలే తీరానికి ఇవతల, డెల్టా పైన ఎగురుతున్నప్పుడు చుట్టూ నాలుగు దిక్కులా స్టేషన్లు ఉంటాయి, లెక్క బాగా కుదురుతుంది. అది సముద్రం మీదికి వెళ్తే స్టేషన్లన్నీ ఒకే పక్కన మిగిలిపోతాయి, తీరానికి దూరంగా వెళ్లే దిక్కున తప్పు పెరుగుతుంది. బోట్లకు సాయం చేసే రిలేను కూడా తీరం దాటించకుండా కోనసీమ మీదే తిప్పడం మేలు. తప్పనిసరైతే హోప్ ఐలాండ్ మీద ఒక స్టేషన్, సముద్రంలోని గ్యాస్ ప్లాట్‌ఫారాల మీద ఒకటి రెండు పెట్టుకోవాలి. ప్లాట్‌ఫారం అలలకు ఊగుతుందా లేదా అన్నది ముందు కొలిచి చూశాకే దాన్ని నమ్మాలి.

ఉప్పుగాలి, చెరువు నీళ్లు, కొబ్బరి మట్టలు

ఉపగ్రహ సిగ్నల్‌ను అన్నిటికంటే ఎక్కువగా చెదరగొట్టేది అయనావరణం, అంటే పై వాతావరణంలో ఎలక్ట్రాన్లు విడివడి ఉండే పొర. భారతదేశం దక్షిణపు కొన దగ్గరగా అయస్కాంత మధ్యరేఖ పోతుంది. దానికి ఉత్తరాన, దాదాపు అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతా వరుసలో ఎలక్ట్రాన్ల సాంద్రత శిఖరానికి చేరుతుంది. గోదావరి డెల్టా ఈ రెంటి నడుమ ఏటవాలులో పడింది. అంటే ఇక్కడ కొద్ది దూరంలోనే సిగ్నల్ ఆలస్యం మారిపోతుంది. సూర్యాస్తమయం తర్వాత, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, పైన ప్లాస్మా బుడగలు లేచి సిగ్నల్ మిణుకుమిణుకుమంటుంది. ఆంధ్రా విశ్వవిద్యాలయం వాళ్లు విశాఖలో దశాబ్దాలుగా దీన్నే అధ్యయనం చేస్తున్నారు. రాత్రి వేటకు వెళ్లే బోట్లకు సరిగ్గా ఆ గంటల్లోనే దారి కావాలి.

రిలే నిజంగా గెలిచేది ఇక్కడే. అయనావరణం మొదలయ్యేదే 60, 70 కిలోమీటర్ల పైన. రిలే దానికి చాలా కిందే ఉంటుంది కాబట్టి దాని సిగ్నల్‌కు ఆ బెడద లేదు. కానీ రిలే తన స్థానాన్ని ఉపగ్రహాల నుంచే తెలుసుకుంటే అదే బెడద దొడ్డిదారిన లోపలికొస్తుంది. నేల స్టేషన్ల తిరగేసిన లెక్కకు ఇంతగా పట్టుబట్టడానికి ఇదీ కారణమే.

కింది గాలి మాత్రం రిలేనూ వదలదు. కోస్తా ఉక్కపోతలో గాలి నిండా నీటి ఆవిరే. అలాంటి గాలిలో అడ్డంగా కిలోమీటరు ప్రయాణిస్తే సిగ్నల్ 35 నుంచి 40 సెంటీమీటర్ల ఎక్కువ దూరం వెళ్లినట్టు కనపడుతుంది. 20 కిలోమీటర్ల దూరాన తక్కువ ఎత్తులో ఉన్న డ్రోన్ నుంచి వస్తే ఏడెనిమిది మీటర్లు. తేమ, ఉష్ణోగ్రత, పీడనం కొలిచి సూత్రం ప్రకారం తీసేస్తే చాలా వరకు పోతుంది. అయితే ఊళ్లో కొలిచిన తేమ ఒకటి, చెరువుల మీది తేమ ఇంకొకటి. ప్రతి నేల స్టేషన్‌కూ ఒక చిన్న వాతావరణ పరికరం జతచేయడం ఈ మొత్తం వ్యవహారంలో అతి తక్కువ ఖర్చుతో అయ్యే మెరుగు.

చెరువుల దగ్గర వేరే కథ. రొయ్యల చెరువు గట్టు మీద రోవర్ పోల్ నిలబెట్టి, బబుల్ మధ్యకు తెచ్చి చూస్తే, రిలే నుంచి నేరుగా వచ్చే సిగ్నల్‌తో పాటు నీటి మీద పడి ఎగిరొచ్చేది కూడా యాంటెన్నాను తాకుతుంది. యాంటెన్నా నీటికి మీటరున్నర ఎత్తున ఉండి, రిలే 10 డిగ్రీల కోణంలో కనపడుతుంటే రెండో సిగ్నల్ అర మీటరు ఎక్కువ దూరం తిరిగి వస్తుంది. తెల్లవారుజామున గాలి లేక నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. ఏరేటర్లు తిరిగి నీరు కలకబారితే కాస్త తగ్గుతుంది. ఎగిరొచ్చిన సిగ్నల్ తిరుగుడు దిశ మారిపోతుంది కనుక మంచి యాంటెన్నా దాన్ని వడకట్టగలదు. కానీ ఉప్పునీటి మీద ఆరేడు డిగ్రీల కంటే తక్కువ కోణంలో వచ్చినప్పుడు ఆ దిశ మారదు, యాంటెన్నా పోల్చుకోలేదు.

ఇందులో తేలే సంగతి ఒకటి పైకి వింతగా ఉంటుంది. కదలకుండా నిలిచే బెలూన్ కంటే గుండ్రంగా తిరిగే డ్రోన్ మేలు. బెలూన్ ఒకేచోట ఉంటే చెరువు నుంచి ఎగిరొచ్చే సిగ్నల్ కూడా ఒకేలా వస్తూ ఒకే తప్పును గంటల తరబడి చూపిస్తుంది, ఎంతసేపు సగటు తీసినా అది పోదు. డ్రోన్ తిరుగుతుంటే ఆ తప్పు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువగా ఊగుతుంది, కొద్ది నిమిషాల సగటులో చాలా వరకు కొట్టుకుపోతుంది. కదలిక స్థాన లెక్కకు భారమైనా, ప్రతిధ్వనిని వదిలించుకోవడానికి అదే సాయం.

కొబ్బరి తోటల్లో కోణమే అన్నీ తేలుస్తుంది. 300 మీటర్ల ఎత్తున ఉన్న రిలే క్షితిజం దాకా కనపడుతుందన్న మాట నిజమే, కానీ పది కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే అది రెండు డిగ్రీల కంటే తక్కువ కోణంలో ఉంటుంది. తోటలో నిలబడ్డవాడికీ దానికీ మధ్య వందల చెట్ల మొవ్వులు, వానకు తడిసిన మట్టలు అడ్డం వస్తాయి. సవరణల కబురైతే తక్కువ ఫ్రీక్వెన్సీలో ఎలాగో దూరి వస్తుంది. కొలత సిగ్నల్ రాదు, వచ్చినా నమ్మలేం. 20 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎయిర్‌షిప్ అయితే కోనసీమలో చాలా చోట్లకు 30 డిగ్రీల పైనే కనపడుతుంది. కొలత ఇచ్చే రిలే పెట్టదలిస్తే పైకే పెట్టాలి, కబురు మోసేది కింద ఉన్నా చాలు.

పవర్ సంగతి కొద్ది మాటల్లో. పది కిలోమీటర్ల దూరాన వినపడే సిగ్నల్ వంద మీటర్ల దగ్గర పదివేల రెట్లు బలంగా ఉంటుంది. ఆ మోతలో జీపీఎస్ రిసీవర్‌కు అసలు ఉపగ్రహాలు వినపడవు. అందుకని ఇలాంటి ట్రాన్స్‌మిటర్లు ఆగకుండా ప్రసారం చేయవు, పదో వంతు సమయం మాత్రమే చిన్న చిన్న తునకలుగా వదులుతాయి. అయినా జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ మీద ఎవరు పడితే వాళ్లు ప్రసారం చేయడానికి వీల్లేదు, చేయకూడదు కూడా. రాజమహేంద్రవరంలో దిగే విమానాలు, సముద్రంలోని రిగ్గులకు తిరిగే హెలికాప్టర్లు అదే సిగ్నల్ మీద ఆధారపడతాయి. వేరే ఫ్రీక్వెన్సీకి కేంద్ర ప్రభుత్వ అనుమతి తీసుకుని, దానికి తగ్గ రిసీవర్ కొనడమే సరైన దారి.

మొగ దగ్గరికి మళ్లీ

ఇవన్నీ కుదిరి బోటు స్థానం అర మీటరు తేడాలో తెలిసిందనుకుందాం. పాయ ఎక్కడుందో చూపే పటం పోయిన ఏడాదిదైతే ఆ అర మీటరుతో ఒరిగేదేమీ లేదు. వరద తగ్గగానే ప్రతి మొగనూ లోతు కొలిచే ఎకో సౌండర్ ఉన్న చిన్న పడవతో తిరిగి కొలవాలి, ఆ పడవ స్థానాన్ని ఇవే స్టేషన్ల సవరణలతో కట్టాలి. అప్పుడు పటం, బోటు రెండూ ఒకే కొలబద్ద మీద ఉంటాయి. స్టేషన్లో చిన్న తప్పున్నా అది రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కనుక సరంగుకు నష్టం లేదు. ఆ పటాన్ని రిలే సవరణలతో పాటే బోట్లకు పంపవచ్చు.

ఇంకొకటి, ఇంతకంటే ముఖ్యమైనది. స్థానం తప్పుగా ఉన్నప్పుడు ఆ సంగతి పరికరమే ఒప్పుకోవాలి. గగన్ విమానాలకు ఇచ్చే నిలువు మార్గదర్శన స్థాయిలో, తప్పు అనుమతించిన హద్దు దాటితే 10 సెకన్లలోపు హెచ్చరిక అందాలని అంతర్జాతీయ ప్రమాణం. విమానానికి పెట్టిన ఆ గడువు మొగ దాటే బోటుకు సరిపోదు. ఆరు నాట్ల వేగంతో వచ్చే బోటు 10 సెకన్లలో 30 మీటర్లు పోతుంది, అంతకంటే సన్నటి పాయలో హెచ్చరిక వినపడేసరికే అది మేట మీద ఉంటుంది. ఇక్కడ రెండు మూడు సెకన్లలో చెప్పాలి. దానికోసం రిలే సిగ్నల్‌ను మొగ దగ్గరే నిత్యం వినే నిఘా రిసీవర్ ఒకటి కావాలి. తీరం వెంట లైట్‌హౌస్‌లు అందుకు తగిన చోట్లు. వాటికి కరెంటు, మనుషుల చూపు, పక్కాగా తెలిసిన స్థానం ఉన్నాయి. ఉపగ్రహ సవరణలను రేడియోలో ప్రసారం చేసిన తీర కేంద్రాల్లో అంతర్వేదిది ఒకటి కూడా. అక్కడ పెట్టిన రిసీవర్‌కు తన అసలు స్థానం తెలుసు కనుక, రిలే చెప్పేది దానికి మీటరు తప్పినా వెంటనే పట్టుకుంటుంది. అప్పుడు బోటులోని స్క్రీన్ మీద పాయ గీత చెరిగిపోవాలి, దాని చోట ఎర్రగా "నమ్మవద్దు" అని తెలుగులో పడాలి.